పాత స్నేహితుడితో ప్వెర్తో ఎస్కొందీదోలో ఓ వారం: హడావుడి లేకుండా వెళ్లిరావడం ఎలా?

మెక్సికో సముద్రతీరం అనగానే చాలామంది కాంకూన్‌కి టికెట్లు వెతుకుతారు. పాత స్నేహితుడితో తీరిగ్గా కూర్చుని మాట్లాడుకోవడమే మీ ఉద్దేశమైతే, పసిఫిక్ తీరంలో వహాకా రాష్ట్రంలో ఉన్న ప్వెర్తో ఎస్కొందీదో అంతకంటే నయం. చేపల పడవలు ఇప్పటికీ తీరానికొచ్చే ఊరు ఇది. బీచ్‌లు ఒకదానికొకటి దగ్గర్లోనే ఉంటాయి, తిండి బాగుంటుంది.

ఒకరు హైదరాబాద్ నుంచి, ఇంకొకరు డల్లాస్ నుంచి బయలుదేరి అక్కడ కలుసుకోవాలనుకునే పాత స్నేహితులు "ఎలా ప్లాన్ చేయాలి?" అని తరచూ అడుగుతుంటారు. అలాంటి ఇద్దరి కోసమే ఇది. అక్కడికి వెళ్లాక తేల్చుకోవాల్సినవి ఎంత తక్కువ మిగిలితే అంత విశ్రాంతి. అందుకే ఈ వ్యాసంలో సగం, బయలుదేరే ముందు చేయాల్సిన పనులే.

## 1. టికెట్ కంటే ముందు ఒక ఫోన్ కాల్

కాలేజీలో ఒకే గదిలో ఉన్నాం కదా, ఇప్పుడు కొత్తగా మాట్లాడుకునేదేముంది అనుకోకండి. ఇరవై ఏళ్లలో నిద్ర, తిండి, ఖర్చు చేసే తీరు అన్నీ మారిపోతాయి. ఒక గంట కూర్చుని ఇవి తేల్చుకోండి:

- ఒకే గదా, రెండు గదులా? గురక, ఏసీ, లేచే వేళ గురించి మొహమాటం లేకుండా చెప్పుకోండి. వీలుంటే ఒకే ఇంట్లో రెండు పడకగదులు తీసుకోండి.
- ఎంత ఖర్చు? ఇద్దరిలో ఎవరి బడ్జెట్ తక్కువో దాన్ని బట్టే గది, విమానం ఎంచుకోవాలి. డాలర్లలో సంపాదించేవాడు "నేను పెట్టుకుంటాలే" అంటే రెండోవాడికి వారమంతా ఇబ్బందిగానే ఉంటుంది.
- ఎవరికి ఏం పడదు? మాంసాహారం, మందు, పడవ ప్రయాణం, ఎండ, మెట్లెక్కడం.
- ఆఫీసు కాల్స్ ఉంటాయా? ఉంటే ఏ వేళకి?
- రోజులో ఎంతసేపు ఎవరికి వారు ఉండాలి?

ఆఖరిది చాలామంది వదిలేస్తారు. "ఒరేయ్, పొద్దున పదింటిదాకా నన్ను లేపకు, నువ్వు నడిచి రా" అని ముందే చెప్పుకుంటే మూడోరోజు ముఖాలు మాడ్చుకోవాల్సిన పని ఉండదు.

## 2. ఏ నెలలో వెళ్లాలి

నవంబర్ నుంచి ఏప్రిల్ వరకు పొడి కాలం. మే ఆఖరు, జూన్ నుంచి అక్టోబర్ దాకా వానలు, తుపాన్ల భయం, దోమలు. అలలు కూడా వేసవి నెలల్లోనే పెద్దవి.

పొడి కాలంలోనూ రెండు సమయాలు వదిలేయండి: క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా, ఆ తరవాత ఈస్టర్ ముందు వచ్చే 'సెమానా సాంతా' వారం. దేశమంతా సముద్రానికే వస్తుంది. గదుల రేట్లు పెరుగుతాయి, బీచ్‌లు నిండిపోతాయి. నన్నడిగితే జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి చివరిదాకా మంచి సమయం. డిసెంబర్ నుంచి మార్చి మధ్య హంప్‌బ్యాక్ తిమింగలాలు కూడా ఈ తీరానికి వస్తాయి.

## 3. వీసా, కాగితాలు

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి మెక్సికో వీసా కావాలి. అయితే అమెరికా, కెనడా, బ్రిటన్, జపాన్ లేదా షెంగెన్ దేశాల వీసా చెల్లుబాటులో ఉంటే టూరిస్టుగా వెళ్లడానికి వేరే వీసా అక్కర్లేదు. ఆ దేశాల్లో శాశ్వత నివాసం ఉన్నవాళ్లకీ అంతే, గ్రీన్‌కార్డు చాలు. ఇవేవీ లేకపోతే న్యూఢిల్లీలోని మెక్సికో రాయబార కార్యాలయంలో దరఖాస్తు చేసుకోవాలి. దానికి నెలల ముందే అపాయింట్‌మెంట్ చూసుకోండి.

అమెరికాలో హెచ్1బీ మీద ఉండి పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరినవాళ్లు ఇక్కడ రెండు విషయాలు కలిపేస్తుంటారు. 30 రోజుల లోపు మెక్సికో వెళ్లి తిరిగి అమెరికాలోకి రావడానికి 'ఆటోమేటిక్ రీవాలిడేషన్' అనే వెసులుబాటు ఉంది. దానికి ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) చెల్లుబాటులో ఉండాలి. కానీ అది అమెరికాలోకి తిరిగి రావడం గురించిన నియమం. మెక్సికోలోకి వెళ్లేటప్పుడు గడువు తీరిన స్టాంపు చూపిస్తే కుదరదు, మెక్సికో వీసా విడిగా తీసుకోవాలి. అక్కడికెళ్లి అమెరికా స్టాంపింగ్‌కి దరఖాస్తు చేస్తే ఆ వెసులుబాటు కూడా పోతుంది. ఏ కాస్త అనుమానం ఉన్నా టికెట్ కొనకముందే మీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి.

వెంట ఉంచుకోవాల్సినవి:

- పాస్‌పోర్టు, వీసా లేదా గ్రీన్‌కార్డు, వాటి ఫొటోకాపీలు
- తిరుగు టికెట్, బస చిరునామా ప్రింటు
- ట్రావెల్ ఇన్సూరెన్స్ కాగితం (ఆసుపత్రి ఖర్చు కవర్ అయ్యేది)
- ఒకరి కాగితాల ఫొటోలు ఇంకొకరి ఫోన్‌లో

## 4. విమానాలు కలపడం

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు ఇస్తాంబుల్, పారిస్, ఆమ్‌స్టర్‌డామ్ లాంటి చోట్ల మారి మెక్సికో సిటీ చేరొచ్చు. అమెరికా మీదుగా వస్తే విమానం మారడానికి దిగినా అమెరికా వీసా ఉండాల్సిందే. మెక్సికో సిటీ నుంచి ప్వెర్తో ఎస్కొందీదోకి గంటా గంటన్నర విమానం.

పొరపాట్లు ఎక్కువగా జరిగేది మెక్సికో సిటీలోనే.

రెండు ఎయిర్‌పోర్టులు. బెనితో హువారెస్ పాతది, నగరంలోనే ఉంటుంది, కోడ్ ఎమ్ఈఎక్స్. ఫెలిపే ఆంహెలెస్ కొత్తది, నగరానికి బాగా దూరం, కోడ్ ఎన్ఎల్‌యూ. చవక టికెట్ కనబడగానే కొనేస్తే దిగేది ఒకచోట, ఎక్కేది ఇంకోచోట కావచ్చు. కోడ్ చూశాకే డబ్బు కట్టండి.

బ్యాగు మళ్లీ తీసుకోవాలి. విదేశం నుంచి వచ్చినవాళ్లు మెక్సికో సిటీలోనే ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ పూర్తి చేసుకుని, బ్యాగు తీసుకుని మళ్లీ ఇవ్వాలి. టెర్మినల్ కూడా మారాల్సి రావచ్చు. మధ్యలో నాలుగు గంటలైనా ఉంచుకోండి.

ఆ రాత్రి అక్కడే ఆగడం. హైదరాబాద్ నుంచి వచ్చే స్నేహితుడు దాదాపు ఒకరోజు ప్రయాణం చేసి దిగుతాడు. మెక్సికో సిటీ సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తులో ఉంటుంది, అలసట ఇంకాస్త ఎక్కువగా తెలుస్తుంది. ఇద్దరూ ఎయిర్‌పోర్టు దగ్గరి హోటల్లో ఆ రాత్రి ఆగి, పొద్దున కలిసి తీరానికి వెళ్లండి. ఒకరోజు పోయిందనిపించినా మిగతా రోజులు హాయిగా ఉంటాయి.

వహాకా నగరం చూసి వద్దామనుకుంటే రోడ్డు దారి కూడా ఉంది. 2024 ఫిబ్రవరిలో బర్రాంకా లార్గా–వెంతానియా హైవే తెరిచాక, కొండల్లో ఆరేడు గంటలు పట్టే దారి మూడు గంటల పైచిలుకుకి తగ్గింది.

ఇమ్మిగ్రేషన్‌లో పాస్‌పోర్టు తిరిగి తీసుకోగానే, ఎన్ని రోజులు ఇచ్చారో అక్కడే చూసుకోండి. గరిష్ఠం 180 రోజులైనా ఎన్ని ఇవ్వాలన్నది అధికారి ఇష్టం.

## 5. ఏ వైపు దిగాలి

ఈ ఊళ్లో బస తప్పుగా ఎంచుకుంటే వారమంతా తెలుస్తుంది.

- రింకొనాదా: కర్రిసలీయో బీచ్ పైన, గట్టు మీద ఉన్న పేట. తినడానికి మంచి చోట్లు, నడవడానికి వీధులు, రాత్రికి నిశ్శబ్దం. పాత స్నేహితులిద్దరికీ నా మొదటి సలహా ఇదే.
- బకోచో: ఇంకా ప్రశాంతం. ఎయిర్‌పోర్టు దగ్గర. రాత్రి భోజనానికి టాక్సీ కావాల్సి రావచ్చు.
- సికతేలా: సర్ఫింగ్ చూడటానికి బాగుంటుంది. రోడ్డు పక్కన గదులకి చప్పుడు ఎక్కువ.
- లా పుంతా: కుర్రకారు, సంగీతం, మట్టిదారులు. ఇరవైల్లో ఉన్నవాళ్లకి బాగుంటుంది, నిద్ర కావాలంటే వద్దు.
- సెంత్రో: స్థానికుల ఊరు. చవక. పెద్ద మార్కెట్ ఇటువైపే.

బుక్ చేసే ముందు అడగండి: రెండు విడివిడి మంచాలున్నాయా, ఏసీ ఉందా, తాగునీటి క్యాన్ ఇస్తారా, పక్కన బార్ గానీ కట్టుబడి పని గానీ ఉందా. ఊరు వేగంగా పెరుగుతోంది, పక్క స్థలంలో కట్టుబడి సాగుతుండటం మామూలే.

## 6. బ్యాగులో ఏం పెట్టుకోవాలి

ప్వెర్తో ఎస్కొందీదో, మన బాపట్ల దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. సూర్యలంక బీచ్‌లో పగటి ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి బట్టల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

- పల్చటి నూలు బట్టలు, పొడుగు చేతుల చొక్కా ఒకటి, టోపీ
- నీళ్లలోకి వేసుకునే పొడుగు చేతుల టీషర్టు (సన్‌స్క్రీన్ కంటే ఇదే ఎక్కువ పని చేస్తుంది)
- సన్‌స్క్రీన్, దోమల మందు (ఈ తీరంలో డెంగీ ఉంది)
- మెట్లకి, రాళ్లకి పనికొచ్చే పట్టీ చెప్పులు
- ఓఆర్ఎస్ ప్యాకెట్లు, మీ రోజువారీ మందులు ప్రిస్క్రిప్షన్‌తో సహా
- ఇయర్‌ప్లగ్స్ (గురక కోసం, తెల్లవారకముందే కూసే కోళ్ల కోసం)

ఈ-సిగరెట్లు తీసుకెళ్లకండి, మెక్సికోలోకి వాటిని తీసుకురావడం నిషేధం. పండ్లు, విత్తనాలు, పచ్చి మాంసం కూడా వద్దు.

## 7. డబ్బు, ఫోను

కార్డులు చాలాచోట్ల తీసుకుంటారు. టాక్సీకి, మార్కెట్‌కి, బీచ్‌లో కొబ్బరిబొండానికి పెసోలే కావాలి. ఇలా చేయండి:

1. భారతీయ డెబిట్ కార్డుకి అంతర్జాతీయ వాడకం ఇంటి దగ్గరే ఆన్ చేసుకోండి.
2. రోడ్డు పక్క మెషీన్లు వదిలేసి, బ్యాంకు లోపలి ఏటీఎంలో పగటిపూట తీయండి.
3. "మా రేటుకి మార్చమంటారా?" అని మెషీన్ అడిగితే వద్దని నొక్కండి. మీ బ్యాంకు రేటే మేలు.
4. సెలవుల వారాంతానికి ముందే కావాల్సినంత తీసి పెట్టుకోండి.

లెక్కల కోసం ఉమ్మడి పర్సు ఒకటి పెట్టుకోండి. ఇద్దరూ సమానంగా పెసోలు వేసి, కలిసి చేసే ఖర్చంతా అందులోంచే పెట్టాలి. అయిపోతే మళ్లీ సమానంగా వేయాలి. "మొన్న నేనిచ్చా, ఇవాళ నువ్వివ్వు" అనే మాటే రాదు. ఎవరి షాపింగ్, ఎవరి మందు వారివే.

ఫోనుకి ఈ-సిమ్ గానీ టెల్‌సెల్ సిమ్ గానీ సరిపోతుంది. ఇంటికి ఫోన్ చేసే వేళ ముందే అనుకోండి. మన దేశం పదకొండున్నర గంటలు ముందుంటుంది కాబట్టి, అక్కడ పొద్దున ఎనిమిదైతే ఇంటి దగ్గర రాత్రి ఏడున్నర. మెక్సికోలో చాలా భాగం 2022లో గడియారాలు ముందుకి జరపడం మానేసింది. అందుకే చలికాలంలో డల్లాస్ టైమే ఇక్కడా, వేసవిలో గంట తేడా.

## 8. దిగిన రోజు

ఏ ప్రోగ్రామూ పెట్టుకోకండి. టాక్సీలకి మీటర్ ఉండదు, ఎక్కే ముందే రేటు అడగాలి: "బ్వేనస్ తార్దెస్, క్వాంతో అస్తా రింకొనాదా?" ముందు పలకరింపు, తరవాత ప్రశ్న. ఈ వరస ఇక్కడ ముఖ్యం. పలకరించకుండా నేరుగా ధర అడిగితే మర్యాదగా అనిపించదు.

బస చేరగానే నీళ్ల క్యాన్ ఉందో లేదో చూసుకోండి. కుళాయి నీళ్లు తాగకండి, పళ్లు తోముకోవడానికీ క్యాన్ నీళ్లే వాడండి. తరవాత స్నానం, చిన్న నడక, పెందలాడే భోజనం, నిద్ర.

ఇద్దరి మధ్య పాత గొడవ, పాత బాకీ లాంటిది ఏదైనా మిగిలి ఉంటే మొదటి రాత్రి ఎత్తకండి. అలసటలో మాట జారుతుంది. నాలుగో రోజు సాయంత్రం నడుస్తూ మాట్లాడుకుంటే అదే తేలిగ్గా తెమిలిపోతుంది.

## 9. సముద్రంలోకి దిగే ముందు

ఈ భాగం మాత్రం ఇద్దరూ చదవండి. ఇది బంగాళాఖాతం కాదు. చూడటానికి ఎంత అందంగా ఉన్నా, లోపలికి లాగే బలం ఈ నీళ్లకి చాలా ఎక్కువ.

సికతేలాలో ఈత వద్దు. 'మెక్సికన్ పైప్‌లైన్' అని సర్ఫర్లు పిలిచే అల ఇక్కడిదే. ఇసుక మీద కూర్చుని చూడండి, మోకాళ్ల లోతు కూడా వద్దు.

దిగదగ్గ చోట్లు. కర్రిసలీయో, మంసనీయో, ప్వెర్తో అంహెలీతో. మూడూ చిన్న అఖాతాలు, నీళ్లు కాస్త నెమ్మదిగా ఉంటాయి. కర్రిసలీయోకి నూటయాభైకి పైగా మెట్లు దిగాలి, మళ్లీ ఎక్కాలి. మోకాళ్ల నొప్పులుంటే ప్వెర్తో అంహెలీతో తేలిక.

దిగేముందు చూడాల్సినవి:

- జెండా రంగు: ఎరుపైతే దిగొద్దు, పసుపైతే జాగ్రత్త
- స్థానికులు ఎక్కడ దిగుతున్నారు, పిల్లలు ఎక్కడ ఉన్నారు
- రెండు అలల వరసల మధ్య నురగ లేకుండా ప్రశాంతంగా కనబడే పాయ. కొత్తవాళ్లు అక్కడే దిగుతారు, లోపలికి లాగే ప్రవాహం తరచూ అక్కడే ఉంటుంది

ప్రవాహం లాగితే దానికి ఎదురీదకండి. తేలుతూ చెయ్యెత్తి పిలవండి. వీలైతే తీరానికి సమాంతరంగా పక్కకి ఈది, ప్రవాహం దాటాక ఒడ్డుకి రండి. స్నేహితుడు కొట్టుకుపోతుంటే మీరు దూకకండి. లైఫ్‌గార్డుని పిలవండి, తేలే వస్తువు ఏదుంటే అది విసరండి.

మెస్కాల్ (ఇక్కడి మద్యం) తాగాక సముద్రంలోకి దిగకూడదు. "పాతికేళ్లప్పుడు చేశాం కదరా" అనే మాట ఇక్కడ చెల్లదు.

చీకటి పడ్డాక ఖాళీ బీచ్ మీద నడక కూడా మానేయండి, దీపాలున్న వీధిలో నడవండి. ఇది భూకంపాల తీరం. 2020 జూన్‌లో 7.4 తీవ్రతతో వచ్చింది. ఒడ్డున ఉండగా భూమి గట్టిగా ఊగితే, ఆగగానే హెచ్చరిక కోసం ఎదురుచూడకుండా ఎత్తుకి నడవండి.

## 10. రోజు ఎలా నడవాలి

నియమం ఒకటే: రోజుకి ఒక పని. అది పొద్దున పదకొండు లోపో, సాయంత్రం నాలుగు తరవాతో. మధ్యలో భోజనం, ఊయల మంచం, కబుర్లు.

మీకు నచ్చిన నాలుగు ఎంచుకోండి, అన్నీ చేయకండి:

పడవలో తెల్లవారుజాము. డాల్ఫిన్లు, తాబేళ్లు, చలికాలమైతే తిమింగలాలు. పొద్దున్నే సముద్రం నెమ్మదిగా ఉంటుంది. లైఫ్ జాకెట్ ఒంటికి కట్టుకున్నాకే పడవ కదలాలి.

మనియాల్తెపెక్ మడుగు. ఊరికి పడమరగా అరగంట లోపు దూరం. పొద్దున పక్షులు చూడొచ్చు. రాత్రి నీటిలో చెయ్యి కదిపితే సూక్ష్మజీవులు నీలంగా మెరుస్తాయి. అమావాస్యకి దగ్గరి రోజుల్లోనే వెళ్లండి, వెన్నెల ఉంటే సరిగా కనబడదు. భారీ వాన పడ్డాక కూడా అంతే. దోమల మందు, సన్‌స్క్రీన్ రాసుకున్న ఒంటితో ఆ నీళ్లలో దిగకండి.

బకోచోలో తాబేలు పిల్లలు. సాయంత్రం పూట స్వచ్ఛంద కార్యకర్తలు పిల్లల్ని సముద్రంలోకి వదులుతారు, విరాళం ఇచ్చి పాల్గొనొచ్చు. చేత్తో తాకకూడదు, కొబ్బరి చిప్ప లాంటి గిన్నెలో ఇస్తారు. ఫ్లాష్ వాడకండి. వీటిలో ఎక్కువగా కనబడే ఆలివ్ రిడ్లే జాతి మన విశాఖ, శ్రీకాకుళం తీరాలకీ గుడ్లు పెట్టడానికి వస్తుంది. ఇక్కడికి తూర్పున ఉన్న ఎస్కొబియా బీచ్‌కి ఇవి లక్షల్లో వస్తాయి. ఒకప్పుడు ఈ తీరంలో వీటిని మాంసానికి, తోలుకి వేటాడేవారు. 1990లో మెక్సికో ఆ వేటని పూర్తిగా నిషేధించింది.

మసుంతే. గంటన్నర లోపు ప్రయాణం. జాతీయ తాబేళ్ల కేంద్రం, చిన్న ఊరు, పుంతా కొమేతా కొండకొమ్ము మీద నుంచి సూర్యాస్తమయం. టార్చి తీసుకెళ్లండి, తిరిగొచ్చేది చీకట్లోనే.

సర్ఫింగ్ పాఠం. కొత్తవాళ్లకి కర్రిసలీయోలో. ఇద్దరిలో ఒకరికే సరదా ఉంటే రెండోవారు ఒడ్డున పుస్తకం చదువుకోవచ్చు. ప్రతి పనీ కలిసే చేయాలన్న రూలేమీ లేదు.

ఆరో రోజు ఖాళీగా వదిలేయండి. ముందు రోజుల్లో ఏది బాగా నచ్చిందో అక్కడికే మళ్లీ వెళ్లొచ్చు.

## 11. తిండి

వహాకా తిండి మన నాలుకకి త్వరగా అలవాటవుతుంది. కారం ఉంటుంది, పులుపు ఉంటుంది, మొక్కజొన్న వాసన ఉంటుంది.

మాంసం తినేవాళ్లకి ఇబ్బందేమీ లేదు, పడవల నుంచి వచ్చిన చేప ఏ రోజుకారోజు దొరుకుతుంది. శాకాహారులు మాత్రం ముఖ్యంగా మూడుచోట్ల మోసపోతారు: బీన్స్‌లో పంది కొవ్వు, అన్నంలో కోడి ఉడికించిన నీళ్లు, ట్లాయూదా అనే పెద్ద రొట్టె మీద పూసే పంది కొవ్వు. అడగాల్సినవి రాసి ఫోన్‌లో పెట్టుకోండి:

- సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ పెస్కాదో: మాంసం, కోడి, చేప వద్దు
- సిన్ మంతేకా: పంది కొవ్వు వద్దు
- సిన్ అసియెంతో: ట్లాయూదా మీద ఆ పూత వద్దు
- సిన్ కాల్దో దె పోయో: కోడి నీళ్లు వద్దు

"సిన్ కార్నె" ఒక్కటే అంటే కోడి వేసి తెస్తారు, అందుకే మూడూ విడిగా చెప్పాలి. పంది కొవ్వు, ఆ పూత వద్దని చెప్పి తినదగ్గవి: కెసీయో జున్నుతో మెమేలాలు (మందపాటి మొక్కజొన్న రొట్టెలు), పుట్టగొడుగుల కెసదీయా (జున్ను పెట్టి మడిచిన రొట్టె). మిరపకాయ-జున్ను పెట్టిన తమాలెస్ (ఆకులో చుట్టి ఉడికించే మొక్కజొన్న ముద్ద) పిండిలోనూ సాధారణంగా పంది కొవ్వు కలుపుతారు, ముందే కనుక్కోండి. పొద్దున చిలాకీలెస్ (సల్సాలో నానిన మొక్కజొన్న రొట్టె ముక్కలు) అడిగేటప్పుడు సల్సాలో కోడి నీళ్లు వేశారేమో కనుక్కోండి. తాగడానికి 'ఆగ్వా దె హమైకా' తప్పకుండా అడగండి. ఎర్ర గోంగూర జాతి మొక్క పూల కింద ఉండే ఎర్రటి రక్షకపత్రాలతో చేసే చల్లటి పానీయం అది, ఆ పులుపు మీరు గుర్తుపడతారు.

పెద్ద భోజనం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య తినండి, 'కొమీదా కొర్రీదా' అని రోజువారీ భోజనం ఆ వేళకే చవకగా దొరుకుతుంది. బిల్లు మీరు అడిగేదాకా తేరు. అది నిర్లక్ష్యం కాదు, మిమ్మల్ని లేవగొట్టకూడదనే మర్యాద. "లా క్వెంతా, పొర్ ఫవోర్" అనండి. టిప్పు పది నుంచి పదిహేను శాతం.

## 12. తేడా వస్తే

విరేచనాలు పట్టుకుంటే: ఓఆర్ఎస్ మొదలుపెట్టండి, ఫార్మసీలో 'సుఎరో ఓరాల్' అన్నా ఇస్తారు. జ్వరం, రక్తం, లేదా రెండు రోజులకీ తగ్గకపోవడం ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. రెండోవారు పక్కనే ఉండండి, ఆ రోజు ప్రోగ్రాం రద్దు.

జ్వరం, కళ్ల వెనక నొప్పి, ఒళ్లు నొప్పులు: డెంగీ కావచ్చు. పరీక్ష అయ్యేదాకా ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వేసుకోకండి, పారాసిటమాలే.

పాస్‌పోర్టు పోతే: పోలీసు రిపోర్టు తీసుకుని మెక్సికో సిటీలోని భారత రాయబార కార్యాలయాన్ని సంప్రదించాలి. ఫొటోకాపీలు ఇప్పుడే పనికొస్తాయి. అత్యవసర నంబర్ 911.

ఇద్దరికీ చిరాకు మొదలైతే: దాదాపు ప్రతిసారీ కారణం ఆకలో, ఎండో, నిద్రలేమో. ముందు ఏదైనా తినండి. ఆ పూట విడివిడిగా గడిపి, రాత్రి భోజనానికి కలవండి.

## 13. తిరుగు ప్రయాణం

ఆఖరి రోజు పొద్దున్నే సముద్రస్నానం పెట్టుకోకండి, తడి బట్టలు బ్యాగులో మురుగుతాయి. ఉమ్మడి పర్సులో మిగిలింది టాక్సీకి, గది శుభ్రం చేసినవాళ్లకి ఇవ్వండి.

- ఇసుక, రాళ్లు, గవ్వలు, తాబేలు చిప్పతో చేసిన వస్తువులు తేవద్దు
- మెస్కాల్ సీసాలు చెక్-ఇన్ బ్యాగులోనే, బట్టల్లో చుట్టి
- విమానం ఎక్కడ మారినా మధ్యలో నాలుగు గంటలు
- ఇద్దరి విమానాలు వేర్వేరు వేళలకైతే, మెక్సికో సిటీ దాకా ఒకే విమానం తీసుకుని అక్కడ విడిపోండి
- ఫొటోలు ఇంటికి వెళ్లాక పంపుతానని వాయిదా వేయకండి, ఎయిర్‌పోర్టులో వేచి ఉన్నప్పుడే పంపేసుకోండి